తలుపు చెక్క మీద పెద్దాయన ముఖం

మొన్న ఆత్మకూరులో ఉదయగిరి బస్సు కోసం చూస్తూ, ఎండకు తాళలేక, పక్కనే ఉన్న ఫ్లెక్సీల కొట్టు నీడన నిలబడ్డాను. లోపల కంప్యూటరు మీద ఎవరో పెద్దమనిషి ఫొటో పెట్టి, ఆయన పెద్దకర్మ రోజున వీధి మొగదల కట్టే ఫ్లెక్సీ తయారు చేస్తున్నారు. కొట్టతను ఆ ముఖం మీద ఏదో రుద్దుతున్నట్టు చెయ్యి తిప్పుతూంటే నుదుటి గీతలు ఒకదాని వెంట ఒకటి మాయమైపోయాయి, కళ్ల కింది సంచులు పోయాయి, ఎండకు కమిలిన బుగ్గలు పెళ్లికొడుకు బుగ్గల్లా నున్నబడ్డాయి. ఇంటివాళ్లు పక్కనే నిలబడి బాగుందన్నారు. పోయినవాడు అందంగా కనబడాలని కోరుకోవడం తప్పేమీ కాదు, నేనూ అనలేదు. కానీ బస్సెక్కి కూర్చున్న తర్వాత నాకు కుదురు తప్పింది. అప్పటినుంచీ ఇదే వరస. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి వస్తాను, ఎందుకు వచ్చానో తెలియక మళ్లీ లోపలికి పోతాను, అంతలో పాలు పొంగిపోతాయి. చేతివేళ్లు మాత్రం ఉలి పట్టుకున్నట్టు వాటంతట అవే ముడుచుకుంటున్నాయి. ఉలి వదిలేసి చాలాకాలమైంది. ఇది ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప తగ్గదనిపించి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నా ఈడు వాళ్లకు ఉదయగిరి అంటే కొండమీది కోటతో పాటు చెక్క గరిటెలు కూడా గుర్తుకొస్తాయి. మాది సీతారామపురం వైపు మెట్ట పల్లె. నాయన గొర్రెలు మేపేవాడు. వానలు లేని ఒక ఏడు, గొర్రెల వెంట తిరిగే కాళ్లు ఇంట్లో ఒక జత చాలనుకొని, నన్ను ఉదయగిరిలో గరిటెలు చెక్కే ఒక బూబమ్మ దగ్గర పనిలో పెట్టాడు. ఆ బూబమ్మ నోరు పెద్దది, చెయ్యి మెత్తనిది. బాగా చేశావని ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. మేము చెక్కి, ఆకురాయి పట్టి, గరుకు కాగితంతో రుద్ది ఇచ్చిన చెంచాను పెదవికి ఆనించి చూసుకునేది. ఎక్కడా గుచ్చుకోకపోతే మాట్లాడకుండా కుప్పలో వేసేది, గుచ్చుకుంటే మాట్లాడకుండా మా ఒళ్లో వేసేది. చెంచా కాడల మీద లతలూ పువ్వులూ చెక్కడం అక్కడే నేర్చుకున్నాను. చేతి పని ఒకటి వచ్చిన ఆడపిల్లకు ఆ రోజుల్లో ఉండే ధీమా వేరు. నడకే మారిపోయేది.

నాకంటే పెద్దవాడు మా అన్న. వాడికి గొర్రెలంటే పడదు, బండి చప్పుడు వినిపిస్తే చాలు రోడ్డెక్కేవాడు. చివరికి మర్రిపాడు మీదుగా బద్వేలు వైపు తిరిగే లారీ ఒకదానిలో క్లీనరుగా చేరాడు. ఒకరోజు ఆ లారీని ఆపి సోదా చేస్తే పొట్టు బస్తాల కింద ఎర్రచందనం దుంగలు బయటపడ్డాయి. డ్రైవరు దూకి పారిపోయాడు. లారీ యజమాని తనకేమీ తెలియదన్నాడు. క్యాబిన్లో నిద్రపోతున్న మా అన్న దొరికాడు. వాణ్ణి పెట్టిన జైలు ఏ ఊరిదో ఇక్కడ రాయను, ఇప్పుడు రాసి ప్రయోజనమూ లేదు. కొన్నాళ్లకు కోర్టు బెయిలు ఇచ్చింది. కానీ పొలం ఉన్నవాళ్లు ఇద్దరు జామీను నిలబడాలి. గొర్రెల కాపరి కొడుక్కి, అదీ చందనం కేసులో, ఎవరు నిలబడతారు? కాగితం మీద విడుదలైన మనిషి గోడల వెనకే ఉండిపోయాడు.

నాయనా నేనూ రెండు బస్సులు మారి జైలు దగ్గరికి పోయేవాళ్లం. ఒకసారి పోతే వేళ దాటిందనేవాళ్లు, ఒకసారి పోతే ఏదో గుర్తింపు కాగితం లేదనేవాళ్లు. అట్లా వెనక్కి తిరిగిన ఒకనాడే టీచరమ్మను చూశాను. ఆత్మకూరు హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ తమ్ముడు విచారణ మొదలుకాకముందే జైల్లో జబ్బుచేసి చనిపోయాడు. ఆ తర్వాత ఆవిడ ప్రతివారం సబ్బులూ, బ్రెడ్డూ, పోస్టుకార్డులూ ఒక గుడ్డసంచిలో వేసుకొని ఆ గేటు దగ్గర నిలబడేది. ఎవరూ అప్పజెప్పిన పని కాదు.

"ఏందన్నా, చూడకనే తిరిగి పోతా ఉండారు?" అని ఆవిడే నాయనను పలకరించింది.

"ఏదో కాగితం కావాలంట తల్లీ. మాకేం తెలుసు. మళ్లా వస్తాంలే."

"మళ్లా అంటే ఎప్పుడు? గొర్రెల్ని ఎవురికి అప్పజెప్పి వస్తావు? పా, నేనూ లోపలికి వస్తా."

ఆ రోజు అన్నను చూశాం. కమ్మీల అవతల వాడు నిలబడలేక నిలబడి, గొర్రెలెట్లా ఉన్నాయని అడిగాడు. ఎప్పుడూ అడగని ప్రశ్న. నాయన బస్సులో ఇంటిదాకా తలెత్తలేదు.

జామీను కోసం టీచరమ్మ ఎన్ని గడపలు తొక్కిందో నాకు పూర్తిగా తెలియదు. ఒక్క గడప మాత్రం చూశాను. జలదంకి పక్కన ఒక పెద్ద రైతు, చిన్నప్పుడు ఆత్మకూరు హాస్టల్లో ఉండి ఆవిడ దగ్గర చదువుకున్నవాడట. మజ్జిగ ఇప్పించాడు, మర్యాద చేశాడు, సంగతి చెప్పేసరికి ముఖం ముడుచుకున్నాడు.

"ఎవుడో క్లీనరు కోసరం నా పొలం పాసుబుక్కు కోర్టులో పెట్టాల్నా టీచరమ్మా?"

"పెట్టొద్దులే నాయనా. నాతో ఒక్కసారి వచ్చి ఆ పిల్లోడి మొహం చూడు. చూసినాక గూడా నీ మనసు ఒప్పకపోతే, నేను మళ్లా నీ గడప తొక్కను."

ఆయన వచ్చాడు, చూశాడు. ఆ వారంలోనే తనూ, తన బావమరిదీ సంతకాలు పెట్టారు. ఏం చూసి మనసు మార్చుకున్నాడని తర్వాత టీచరమ్మను అడిగితే, దూరంనుంచి కేసు కనిపిస్తుంది, దగ్గరికి పోతే మనిషి కనిపిస్తాడు, అంతేనంది.

అన్న బయటికి వచ్చాడు. చాలాకాలానికి కేసు కూడా కొట్టేశారు. కానీ బయటికి వచ్చినవాడు లోపలికి పోయిన మా అన్న కాదు. పైకప్పు కింద పడుకోలేకపోయేవాడు. తలుపు వేస్తే లేచి తీసేవాడు. ఒకచోట కూర్చోలేడు, ఎవరితోనూ మాట్లాడడు, పొద్దస్తమానం ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంటాడు, తిరిగే దూరం కూడా ఎప్పుడూ ఒక్కటే, జైలుగది పొడవంత. పల్లెలో జనం చూపులు పడలేకపోతున్నాడని నాయన వాణ్ణి ఉదయగిరికి తెచ్చి నా దగ్గర వదిలాడు. బూబమ్మ చెక్క నరికే పని ఇచ్చింది. వాడు నరికేవాడు, మళ్లీ లేచి తిరిగేవాడు. వాణ్ణి చూసి చూసి నాకూ అదే పట్టుకుంది. రాత్రి పడుకుంటే కాళ్లు నిలిచేవి కావు.

ఆ రోజుల్లోనే టీచరమ్మ ఆత్మకూరులో ఒక సభ పెట్టాలనుకుంది. జామీను లేక లోపలే మగ్గిపోతున్నవాళ్ల గురించి నలుగురికీ తెలియాలి, ఇంకో నలుగురు రైతులు ముందుకు రావాలి. ఖైదీల తరఫున పాటుపడిన వాళ్ల బొమ్మలు హాలు చుట్టూ కట్టి, వచ్చినవాళ్లకు తలా ఒకటి ఇచ్చి పంపితే బాగుంటుందని ఆవిడతో పనిచేసిన డ్రాయింగు మాస్టారు సలహా చెప్పాడు. ప్రెస్సులో బొమ్మల అచ్చుకు బ్లాకులు చేయించే స్తోమత లేదు. అప్పుడు ఆయనే, గరిటెలు చెక్కే అమ్మాయి ఉందిగదా, ముఖం చెక్క మీద చెక్కితే కాగితం మీద ఎన్నయినా అద్దుకోవచ్చన్నాడు.

నేను పువ్వులు తప్ప ముఖం చెక్కి ఎరగను. మాస్టారు వచ్చి నేర్పాడు. చెక్క మీద నలుపు కావలసిన చోటు వదిలిపెట్టాలి, తెలుపు కావలసిన చోటు తవ్వి తీసెయ్యాలి. గరిటె చెక్కలు చిన్నవి కనుక కూల్చేసిన ఇంటి తలుపు ఒకటి సంపాదించి పలకలుగా కోశాం. ఎన్నో ఎండలు తిన్న చెక్క అది, పగుళ్లు లేకుండా గట్టిగా ఉంది. ఆత్మకూరు ప్రెస్సాయన డబ్బాలో సిరా, ఒక పాత రోలరూ ఇచ్చాడు. సిరా పూసిన పలక మీద కాగితం పరిచి, వెనకనుంచి చెక్క గరిటె బోర్లించి రుద్దితే బొమ్మ దిగుతుంది. బూబమ్మ తను చేసిన గరిటె అట్లాంటి పనికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. మురిసిపోయి, మంచిది ఏరి ఇచ్చింది.

మొదట టీచరమ్మ ముఖం చెక్కాను, కింద పేరు కూడా. కాగితం లేపి చూస్తే పేరు తిరగబడి ఉంది! చెక్క మీద అక్షరాలు తిరగేసి చెక్కాలని ఎవరికీ తట్టలేదు, మాస్టారికీ తట్టలేదు. టీచరమ్మ కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వి, కాసేపటికి నవ్వాపేసింది.

"నా మొహం ఆత్మకూరులో అందురికీ తెలుసుగదమ్మే. తెలవనాయన ఒకాయన ఉండాడు, ఆయన్ని చెక్కు" అంది.

అప్పుడు చెప్పింది, లోపల అందరూ పెద్దాయన అని పిలిచే ఒకాయన పోయిన సంగతి. అన్నతో పాటు జైల్లో ఒకే బారకాసులో, అంటే ఒకే గదిలో, ఉండిన యావజ్జీవ ఖైదీ ఆయన. మా సీతారామపురం వైపు మనిషే, పొలం గట్టు తగాదాలో ఒకరి ప్రాణం పోతే శిక్ష పడింది. లోపలికి పోయాకే చదువు నేర్చాడు. చదువు వచ్చినప్పటినుంచీ లోపలున్న ప్రతివాడికీ అర్జీ రాసిపెట్టడమే ఆయన పని. కొన్ని రోజుల కిందట జ్వరం వచ్చి, ఆసుపత్రిలో, బయటి ఆకాశం చూడకుండానే పోయాడు.

ఆ మాట వినగానే అన్న గొడ్డలి కింద పెట్టి లేచి కొండ వైపు నడిచిపోయాడు. పొద్దు గూకేవేళకు తిరిగి వచ్చాడు. వచ్చి, జైలునుంచి వచ్చిన తర్వాత మొదటిసారిగా, అడగకుండా తనంతట తాను మాట్లాడాడు.

"ఆయన ఫొటో ఎవురి దగ్గరా ఉండదు. మొహం నాకు తెలుసు. నేను చెప్తా, నువ్వు చెక్కు."

చెప్పడం అంత సులువు కాదు, చెక్కడం అంతకన్నా కాదు. మాస్టారు వాడు చెప్పినట్టు పలక మీద సుద్దతో గీస్తే నేను చెక్కాను. అద్ది చూపిస్తే కాదన్నాడు. ఇంకో పలక తీశాను, కాదన్నాడు. తవ్వేసిన చెక్కను మళ్లీ అతికించలేం గదా, పలక పాడైతే పాడైనట్టే. నేను విసుక్కునేదాన్ని. వాడు నా చుట్టూ తిరుగుతూ కాదు, కాదు అంటూనే ఉండేవాడు. బూబమ్మకు ఒళ్లు మండి, "కూసోరా అబ్బయ్యా, నీ తిరుగుడుకి నాకు తల తిరగతా ఉండాది" అని అరిచేది.

కానీ కాదన్న ప్రతిసారీ ఎందుకు కాదో చెప్పాలి గదా. అట్లా వాడి నోరు పెగిలింది. చెవులు ఇంకా పెద్దవి మే, ఎవుడేం జెప్పినా తలొంచి వినేవాడు అన్నాడు. ఆ వెనకే, భాష తెలియని ఒక తమిళ కూలీ దగ్గర కూర్చొని సైగలతో సంగతి రాబట్టి అర్జీ రాసిన కథ వచ్చింది. నుదురు ఇంత నున్నగా ఉండదు అన్నాడు. ఆ వెనకే, కాపలాకు పోలీసులు లేరని వాయిదాలకు తీసుకుపోవడం మానేస్తే, ఆ ముడతల నుదుటితోనే పెద్ద అధికారి ఎదుట నిలబడి మా రోజులు ఎవరు తిరిగిస్తారని అడిగిన సంగతి వచ్చింది. బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి అన్నాడు. ఎందుకంటే, పక్కనున్న జబ్బుమనిషిని ఆసుపత్రికి పంపేదాకా ఆయన అన్నం ముట్టలేదు, ఆ తర్వాత ఒళ్లు కోలుకోనేలేదు. ఇవన్నీ చెప్పి చెప్పి వాడు ఆగి, మా అన్నకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనేనని చెప్పాడు. అప్పటిదాకా వాడికి చదవడం వచ్చిందని మాకెవరికీ తెలియదు!

ముడత చెక్కడం ఎంత కష్టమో చెక్కినవాళ్లకే తెలుస్తుంది. సన్నని గీత తవ్వాలి. లోతు కాస్త ఎక్కువైతే గాయంలా కనిపిస్తుంది, తక్కువైతే సిరాలో కలిసిపోతుంది. ఒక్కొక్క ముడతకూ ఊపిరి బిగబట్టేదాన్ని. తలుపులో మిగిలిన ఆఖరి పలక మీద చెక్కినప్పుడు సిరా పూశాక కాగితం నేనే పరిచాను గానీ, అన్న నా చేతిలోంచి గరిటె తీసుకొని తానే రుద్దాడు. మెల్లగా, మూలమూలకీ రుద్దాడు. కాగితం లేపి చూశాడు. అవునని అనలేదు. ఆ కాగితం రెండు చేతులా పట్టుకొని, గోడకు వీపు ఆనించి, కిందికి జారి కూర్చున్నాడు. చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. వాడు అంతసేపు ఒకచోట కూర్చోవడం చూసి బూబమ్మ కూడా ఉలి ఆపింది.

సభ రోజున ఆత్మకూరులో హాలు చుట్టూ పురికొస కట్టి బొమ్మలు వేలాడదీశాం. బతిమాలగా ఒప్పుకున్న టీచరమ్మది, ఫీజు పుచ్చుకోకుండా వాదించిన వకీలు గారిది, పెద్దాయనది. సిరా ఇంకా పూర్తిగా ఆరక ఆ వాసన హాలంతా నిండింది. జనం అనుకున్నంత రాలేదు, వచ్చినవాళ్లలో సగం మంది చుట్టాలే. అంతలో ఒక ముసలావిడ, మోకాళ్ల దాకా మట్టి కొట్టుకున్న చీరతో, గడప దగ్గర తచ్చాడుతూ కనిపించింది. పెద్దాయన భార్య. టీచరమ్మ కబురు పెడితే వాళ్ల పల్లెకు వచ్చే ఒక్క బస్సూ పట్టుకొని వచ్చింది. మొగుడు జైలుకు పోయిన కొత్తలో ఒకటి రెండుసార్లు చూసి వచ్చిందట. తర్వాత ఆయన్ని దూరపు జైలుకు మార్చారు. మేకల్ని వదిలి రాలేదు, దారి తెలియదు, ఆయనే రావద్దని కబురు చేశాడు. అట్లా ఏళ్లు గడిచిపోయాయి. ఆయన పోయిన కబురు ఆమెకు చేరేసరికే జైలువాళ్లు అంత్యక్రియలు చేసేశారట.

"మా ఆయన బొమ్మ యాడుండాది నాయనా?" అని మా అన్ననే అడిగింది.

అన్న చూపించాడు. ఆమె ఆ బొమ్మను దాటి పక్కకు చూసింది, మళ్లీ అన్న వైపు చూసింది. వాడు ఇదేనని కాగితాన్ని తాకాడు. ఆమె దగ్గరికి వచ్చింది. ఈయన కాదంటుందేమో, మేము ఇంతకాలమూ ఎవరి ముఖమో చెక్కామేమోనని భయపడ్డాను. ఆమె వేలు ఆ నుదుటి గీతల మీదుగా, కళ్ల మీదుగా, గుంటపడిన బుగ్గల మీదికి దిగి ఆగింది.

"ఇంత ముసిలోడై పోయినాడా" అంది.

ఆమె మనసులో ఆయన ఇంకా నల్లజుట్టు మనిషే. జైలు బండి ఎక్కిన నాటి మనిషే.

"పండ్లు గూడా ఊడినాయా?" అని అడిగింది.

"ముందరివి రెండు ఊడినాయి పెద్దమ్మా" అన్నాడు అన్న. "మీ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే వాడు."

ఆమె ఫక్కున నవ్వింది. "పెండ్లిలో గూడా ఆ పండ్లు జూపించుకునేదానికే నవ్వినాడు, మాయదారోడు" అని, నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. టీచరమ్మ వచ్చి భుజం పట్టుకోబోతే మా అన్న వద్దని సైగ చేసి, తానే ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు. లోపల సభ నడుస్తున్నంతసేపూ వాడు ఆమెకు ఆయన గురించి చెబుతూనే ఉన్నాడు. ఏం తినేవాడు, ఎట్లా పడుకునేవాడు, ఎవర్ని తిట్టేవాడు. ఆమె మధ్యమధ్య అవునవును, అట్టనే చేస్తాడు అంటోంది. బొమ్మ ఆరాక చుట్టి ఇస్తే, నలగకుండా బిడ్డను ఎత్తుకున్నట్టు బస్సులో పట్టుకొని పోయింది.

ఆ సభవల్ల ఏమైనా జరిగిందా అంటే, ముగ్గురు రైతులు జామీనుకు సరేనన్నారు, వారం తిరక్కముందే ఒకాయన వెనక్కి తగ్గాడు. మిగిలిన ఇద్దరి పుణ్యాన కొందరు ఇళ్లకు చేరారు. టీచరమ్మ గుడ్డసంచి పట్టుకొని వెళ్లడం ఓపిక ఉన్నన్నాళ్లూ మానలేదు. ఆవిడకు ఓపిక తగ్గాక మా అన్న వెళ్లాడు. వాడి తిరుగుడు పూర్తిగా పోలేదు, కానీ దానికి ఒక దారి దొరికింది. ఆవిడ పోయినప్పుడు ఆవిడ బొమ్మ మళ్లీ కొత్తగా చెక్కి అద్దాం, ఈసారి పేరు సరిగ్గానే దిగింది.

ఇప్పుడు లోపలివాళ్లను టీవీ తెరలాంటి దానిమీద చూపిస్తారట, ఫోనులో మాట్లాడనిస్తారట, వకీలు లేనివాళ్లకు సర్కారే వకీలును ఇస్తుందట. టీచరమ్మ ఉంటే ఎంత సంతోషించేదో. అయినా జామీను లేక ఉండిపోయేవాళ్లు ఇంకా ఉన్నారని అన్న అంటాడు, అది విన్నప్పుడల్లా నాకు కూర్చున్నచోట నిప్పులు పోసినట్టే ఉంటుంది.

ఇది రాస్తూంటే వాడు ఎదురుగా అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. తలెత్తి చూస్తే జుట్టంతా తెల్లగా ఉంది, నుదుటి మీద గీతలు లెక్కపెట్టలేనన్ని. ఎప్పుడు తెల్లబడిందో, ఆ గీతలు ఎప్పుడు పడ్డాయో నాకు తెలియదు. రోజూ చూసే ముఖం కనుక గమనించలేదు. ఇంటి మనిషి మన కళ్లముందే, మనకు తెలియకుండానే ముసలివాడు కావడం ఎంత పెద్ద భాగ్యమో మనలో ఎవరం తలచుకుంటాం? ఆ భాగ్యం ఆ పెద్దమ్మకు దక్కలేదు. ఆమెకు ఆయన ముసలితనమంతా ఒక్కరోజే, ఆత్మకూరులో, తడిసిరా కాగితం మీద కనిపించింది.